పాత కారులోకి వాన నీళ్లు: దారి పట్టుకుని ఇంటి దగ్గరే ఆపడం

చెన్నైలో పాత కారుకి ఇంజను కంటే ముందు ఒళ్లు పాడవుతుంది. ఆల్టో, వ్యాగనార్, శాంట్రో, జెన్ లాంటి బళ్లు లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజను నిక్షేపంగా తిరుగుతుంటుంది. కార్పెట్టు ఎత్తి చూస్తే మాత్రం ఫ్లోరు తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు ఉండేవాళ్లకి సముద్రపు ఉప్పుగాలి ఏడాది పొడుగునా తగులుతుంది. దానికి తోడు ఊళ్లో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. అప్పుడు లోపలికి దూరి బయటికి పోలేని నీళ్లే రేకుని తింటాయి.

ఈ పనికి సెప్టెంబరు మంచి నెల. ఎండ ఉంటుంది, స్పాంజి ఎండుతుంది, సీలెంటు ఆరుతుంది. వానలు మొదలయ్యాక చేస్తే తడి లోపల పెట్టి మూత వేసినట్టే. కావలసినవి: మంచి టార్చి, 10, 12, 14 నంబరు స్పానర్లు, స్టార్ స్క్రూడ్రైవరు, చిన్న మల్టీమీటరు, చీపురు పుల్లలు, పాత పేపర్లు, రెండు బకెట్లు, మగ్గు, ఇంట్లోంచి ఇంకో మనిషి.

ముందు ఆ తడి ఏమిటో తేల్చుకోండి

ముందు సీటు దగ్గర కాళ్ల కింద తడి కనబడగానే వాన నీళ్లనుకుని గ్లాసు బీడింగు (అంచు రబ్బరు) మార్పించేస్తారు చాలామంది. అది ఏసీ నీళ్లయినా కావచ్చు, ఇంజనుని చల్లబరిచే కూలెంటయినా కావచ్చు.

వాన లేని రోజున ఏసీ వేసుకుని తిరిగాక ఎడమవైపు తడిస్తే అది ఏసీ డ్రెయిను పైపు. బండి నిలబెట్టి ఏసీ ఒక పావుగంట నడపండి. చెన్నై ఉక్కలో కారు కిందికి చుక్కలు ధారగా పడాలి. పడకపోతే పైపు మూసుకుపోయింది. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులోంచి, సాధారణంగా ఎడమవైపు కిందిగా, చిన్న రబ్బరు పైపు బయటికొస్తుంది. దాంట్లో బూజు, మట్టి పేరుకుంటాయి. మెత్తటి ప్లాస్టిక్ వైరు రెండు మూడు అంగుళాలు పెట్టి కదిపితే చాలు, మురికి నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. పంక్చరు షాపు కంప్రెసరుతో గాలి కొట్టించకండి, లోపలి జాయింటు ఊడిపోతే డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది.

తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉండి, అద్దం లోపలివైపు జిడ్డు పొగలా పడుతుంటే అది హీటరు కోరు నుంచి కారే కూలెంటు. రిజర్వు ట్యాంకులో మట్టం కూడా తగ్గుతుంటుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, మెకానిక్కుకి ఇచ్చేయండి. ఆలస్యం చేస్తే ఇంజను వేడెక్కుతుంది.

ఈ రెండూ కాకపోతే, అది వాన నీళ్లే.

నీళ్ల పరీక్ష

మ్యాట్లు తీసి, కార్పెట్టు అంచు ఎత్తి, ఫ్లోరు రేకు మీద పొడి పేపర్లు పరవండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలోనూ పరవండి. ఒకరు టార్చితో లోపల కూర్చుని తలుపులు వేసుకోవాలి. పిల్లలకి అప్పజెప్పినా ఇష్టంగా చేస్తారు, కళ్లూ చురుగ్గా ఉంటాయి.

బయట ఉన్నవాళ్లు కింది నుంచి పైకి నీళ్లు పోస్తూ రావాలి. మొదట తలుపుల కింది భాగం, తర్వాత కిటికీ అంచులు, ముందు అద్దం కింది అంచు, పక్కలు, చివరికి పైకప్పు. ఒక్కో చోట మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అంచుల మీదుగా జారి, ఏది కారుతోందో తెలియదు. మెల్లగా, వాన పడినట్టే పోయాలి. ప్రెషరు గన్ను వాడితే బాగున్న రబ్బరులోంచి కూడా నీళ్లు దూరి తప్పుదారి పట్టిస్తాయి. ట్యాంకరు నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో పైపు పెడితే పక్కవాళ్లు ఊరుకోరు, మగ్గుతో పోసినా పరీక్ష సరిగ్గానే వస్తుంది. పేపరు మీద మొదటి మరక ఎక్కడ పడిందో అక్కడ గీత గీసి పెట్టండి. నీళ్లు రేకు వెంబడి జారి దూరంగా తేలతాయి కాబట్టి, మరక నుంచి టార్చి వేసి పైకి వెతుక్కుంటూ పోవాలి.

ముందుగా చూడాల్సింది వైపర్ల కిందుండే ప్లాస్టిక్ జాలీ. వేపచెట్టు కింద పార్కు చేసే ప్రతి కారులోనూ దీని కింద ఆకులు కుళ్లి ముద్దగా ఉంటాయి. నీళ్లు పోయే తూము మూసుకుపోగానే మట్టం పెరిగి, బ్లోయరుకి గాలి వచ్చే దారిలోంచి లోపలికి పొర్లుతాయి. బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టి ఆ ముద్ద తీసేయండి, నీళ్లతో తోసేస్తే తూములోకే పోతుంది. తర్వాత ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. ముందు చక్రాల వెనక నుంచి కాసేపట్లో కిందికి దిగాలి. చెట్టు కింద పెట్టే బండికి వానలున్నన్నాళ్లూ వారానికోసారి ఈ పని తప్పదు.

తలుపుల సంగతి కొంచెం ఓపిగ్గా అర్థం చేసుకోవాలి. కిటికీ అద్దం దిగే సందులోంచి నీళ్లు తలుపు లోపలికి వెళ్లడం మామూలే, అలాగే తయారుచేస్తారు. అవి కింది అంచున ఉండే రెండు మూడు సన్నటి తూముల్లోంచి బయటికి పోవాలి. మట్టితో అవి మూసుకుంటే తలుపు తీసినప్పుడు లోపల నీళ్లు గలగలమంటాయి, తలుపు అడుగు లోపల్నుంచి తుప్పుపట్టి పెయింటు బుడగలు లేస్తుంది. చీపురు పుల్లతో తూములు శుభ్రం చేయండి. ఇనుప తీగ పెడితే పెయింటు గీసుకుపోయి, ఆ గీత దగ్గరే తుప్పు మొదలవుతుంది.

తూములు బాగున్నా క్యాబిన్ తడుస్తోందంటే తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగి ఉంటుంది. పవర్ విండో మోటారో, స్పీకరో మార్చినప్పుడు షీటుని చింపి మళ్లీ అతికించకుండా వదిలేయడం మామూలుగా జరిగే పని. తలుపు ప్యాడు విప్పండి. హ్యాండిలు వెనక, చెయ్యి ఆనించే పిడి కింద రెండు మూడు స్క్రూలు, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. అడుగు నుంచి లాగితే సులువుగా వస్తుంది. పాత బళ్లలో క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి కాబట్టి ఓ పది కొత్తవి ముందే కొనిపెట్టుకోండి. మందపాటి పాలిథిన్ షీటుని పాతదాని కొలతకి కత్తిరించి, బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) చుట్టూ అతికించండి. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోవాలి: షీటు కింది అంచు తలుపు రేకు సందుల్లోంచి లోపలికి దిగాలి. బయటికి వదిలేస్తే షీటు మీద జారిన నీళ్లన్నీ నేరుగా మీ కార్పెట్టు మీదికే వస్తాయి.

ముందు అద్దం అంచు కారుతుంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికోన్ రాయకండి. రాసేటప్పుడు వెనిగరు వాసన వచ్చేదాంట్లో ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది, అది అద్దం కింది రేకుని తుప్పు పట్టిస్తుంది. న్యూట్రల్ సిలికోన్ గానీ, పీయూ (పాలీయురెథేన్) సీలెంటు గానీ అడగండి. అంచు పూర్తిగా ఎండాక, రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, సన్నటి గీతగా నింపి, 24 గంటలు తడి తగలనివ్వకండి. అద్దం అతుకే వదిలేసి కదులుతుంటే ఈ పూత నిలవదు, గ్లాసు పనివాళ్ల చేత తీయించి పెట్టించాలి.

డిక్కీలో నీళ్లుంటే వెనక లైట్ల గాస్కెట్లు చూడండి. లోపల్నుంచి నాలుగు నట్లు విప్పితే లైటు బయటికొస్తుంది, ఎండిపోయిన స్పాంజి గాస్కెట్టు చేతికి పొడిగా రాలుతుంది. కొత్త గాస్కెట్టు లేదంటే అదే మందం ఫోము టేపు వేయొచ్చు. నట్లు మరీ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బీడింగు పట్టు చూడాలంటే అంచున కాగితం పెట్టి డిక్కీ మూసి లాగండి. ఎక్కడ సులువుగా జారొస్తే అక్కడ రబ్బరు చచ్చింది. కొత్త బీడింగులు జీపీ రోడ్డులో, పాత బళ్ల నుంచి తీసినవి పుదుపేటలో దొరుకుతాయి. రబ్బరు మాత్రం కొత్తదే కొనండి. లైట్లు, తలుపు హ్యాండిళ్ల లాంటివి పాతవైనా పనికొస్తాయి.

ఎండబెట్టడం, తుప్పు

కార్పెట్టు పైన ముట్టుకుంటే పొడిగా ఉన్నా, కింద ఉన్న స్పాంజి వారాల తరబడి తడిగానే ఉంటుంది. ముక్కవాసన దాన్నుంచే వస్తుంది. పర్ఫ్యూము పెట్టి లాభం లేదు. సీటు నాలుగు బోల్టులు విప్పి పక్కన పెట్టి, కార్పెట్టు ఎత్తి, స్పాంజి కింద ఇటుక ముక్క ఎత్తు పెట్టి టేబుల్ ఫ్యాను వదలండి. రెండు ఎండ రోజులు పడుతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో సీటు కింద పసుపుపచ్చ కనెక్టరు కనబడితే ముట్టుకోకండి, ఆ సీటుని మెకానిక్ చేత తీయించండి.

బయటపడ్డ తుప్పుని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఖంగుమంటే పైతుప్పు. మెత్తగా దిగబడితే రేకు పోయినట్టే, టింకరింగ్ షాపులో ముక్క వేయించాలి. పైతుప్పుని 80 నంబరు ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా, తర్వాత 180తో రుద్ది, థిన్నరుతో తుడిచి, గుంటల్లో మిగిలిన నల్లటి మచ్చల మీద రస్ట్ కన్వర్టరు (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) రాయండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, ప్రైమరు రెండు పలచటి పూతలు, ఆపైన పెయింటు. తుప్పు తీయకుండా అండర్‌బాడీ కోటింగ్ కొట్టిస్తే తడి లోపల చిక్కుకుని రేకు ఇంకా తొందరగా పోతుంది. కోటింగ్ కొట్టించిన రోజే తలుపుల తూములు, ఫ్లోరు తూములు మూసుకుపోయాయేమో వంగి చూసుకోండి.

బ్యాటరీ, ఎర్తింగు

వాన రోజు పొద్దున్నే సెల్ఫు నీరసంగా తిరిగితే వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటరు 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది, 12.2 అంటే సగం. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇవి బాగుండి కూడా సెల్ఫు లాగకపోతే ఎర్తింగు (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజనుకీ బాడీకీ కలిపే పట్టీ) చూడాలి. మీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజను మీద పెయింటు లేని లోహం మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫు కొట్టమనండి. 0.5 వోల్టులు దాటితే ఎర్తింగు పట్టీ తుప్పుపట్టినట్టు. దాని బోల్టులు విప్పి రెండు ముఖాలూ ఉప్పుకాగితంతో మెరిపించి, గట్టిగా బిగించి, పైన వ్యాజిలీన్ పూయండి.

టెర్మినళ్ల మీద తెల్లటి బూజుకి ఒక మగ్గు వేడినీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా చాలు. ముందు నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు నెగటివ్ చివర. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు.

వానల్లో బండి వదిలి ఊరెళ్లేటప్పుడు

దీపావళికి నెల్లూరో తిరుపతో వెళ్లి వారం తర్వాత వచ్చేసరికి వెనక చక్రాలు కదలవు. తడి డ్రమ్ములకి బ్రేకు షూలు తుప్పుతో అతుక్కుంటాయి. చదును నేల మీద ఫస్ట్ గేరులో వదిలి, చక్రాలకి రెండు వైపులా ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించేసి వెళ్లండి. పార్కు చేసే ముందు చివరి అరకిలోమీటరు బ్రేకు తేలిగ్గా నొక్కుతూ నడిపితే డ్రమ్ములు ఆరుతాయి. ఇప్పటికే అతుక్కుంటే రేజు చేసి లాగకండి. ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి, రాకపోతే డ్రమ్ము అంచున చెక్క సుత్తితో తట్టండి.

బేస్‌మెంటు పార్కింగులో మాత్రం వదలకండి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులో మునిగిన కార్లు చూశాక, హెచ్చరిక రాగానే వేళచ్చేరివాళ్లు ఫ్లైఓవరు మీద కార్లు వరుసగా పెట్టడం అందరికీ తెలిసిందే. మెరక మీద బంధువుల ఇల్లుంటే తాళం వాళ్లకిచ్చి అక్కడే పెట్టండి.

నిలిచిన నీళ్లు చక్రం మధ్యకి వస్తున్నాయంటే అందులోకి దిగకండి. దిగాక ఇంజను ఆగితే మళ్లీ సెల్ఫు కొట్టకండి. సిలిండరులోకి వచ్చిన నీళ్లు గాలిలా నొక్కితే కుదించుకోవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, మామూలు ఇన్సూరెన్సు పాలసీలో ఆ ఖర్చు తరచుగా రాదు. న్యూట్రల్‌లో తోసి ఒడ్డుకి చేర్చి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఫొటోలు తీసి ఇన్సూరెన్సువాళ్లకి చెప్పండి. డిప్‌స్టిక్కు మీద ఆయిలు పాలకాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఎయిర్ ఫిల్టరు తడిసినా లోపలికి వెళ్లాయనే అనుకోవాలి. అప్పుడు మెకానిక్ వచ్చి ప్లగ్గులన్నీ విప్పి, సెల్ఫు తిప్పి నీళ్లు బయటికి చిమ్మించాకే స్టార్టు చేయాలి. ఆయిలు, ఫిల్టరు మార్చి కాసేపు నడిపాక రంగు మళ్లీ తెల్లబడితే ఇంకోసారి మార్చాలి. గేరుబాక్సు ఆయిలు, వెనక డ్రమ్ములు కూడా అదే రోజు విప్పించి చూపించుకోండి.