మా కుక్క చాలినన్ని నీళ్లు తాగేలా ఎలా చేశాను (నా అనుభవం)

పొడి ఆహారంలో తేమ సుమారు 10 శాతమే ఉంటుంది కనుక, దానిని తినే కుక్క తనకు కావలసిన నీటినంతా దాదాపు గిన్నె నుంచే తాగాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు అవసరమని సాధారణంగా లెక్క వేస్తారు. అంటే 12 కిలోల మా కుక్కకు కనీసం 600 మిల్లీలీటర్లు కావాలి. ఉదయం కొలిచి పోసిన నీళ్లు సాయంత్రానికి సగం కూడా తగ్గకపోవడం, తడిగా జారవలసిన చిగుళ్లు వేలికి అంటుకోవడం గమనించి, ముందుగా పశువైద్యునికి చూపించి, జబ్బేమీ లేదని నిర్ధారించుకున్నాను.

గిన్నె లోపలి అంచును తడిమితే జిగురు పొర తగిలింది. లాలాజలం, సూక్ష్మజీవులు కలిసి ఏర్పడే ఆ పొర ఊరికే నీళ్లతో కడిగితే పోదు. రోజూ సబ్బుతో రుద్ది కడగాలి. వెడల్పాటి స్టీలు గిన్నె తెచ్చి, వాషింగ్ మెషిన్ పక్క నుంచి సద్దులేని మూలకు మార్చాక కొంత మార్పు కనిపించింది.

అన్నిటికంటే బాగా పనిచేసింది, పొడి ఆహారంలో గోరువెచ్చని నీళ్లు కలిపి, మెత్తబడ్డాక పెట్టడం. అప్పుడప్పుడు చికెన్ ఉడికించిన నీళ్లు కూడా కలుపుతాను. అయితే ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక వాటిని, ఉప్పును అసలు వేయను. సిరంజితో బలవంతంగా నోట్లో పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ పని ఎవరూ చేయవద్దని నా మనవి.