పన్ను పీకించుకోబోతే బయటపడ్డ బీపీ

నేను గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమిషన్ కొట్లో పద్దులు రాస్తాను. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఘాటుకి కళ్ళు మండటం, తుమ్ములు, తలనొప్పి మాకు మామూలే. అందుకే ఎప్పుడు తల బరువెక్కినా ఆ నెపం మిరపకాయల మీదకే నెట్టేసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట అరండల్‌పేటలో పన్ను పీకించుకుందామని వెళ్తే, డాక్టరమ్మ ముందు బీపీ చూశారు. 170/104. "పన్ను ఎక్కడికీ పోదండీ, ముందు దీని సంగతి చూపించుకు రండి" అని పంపేశారు. నాకు కళ్ళు తిరగలేదు, ముక్కులోంచి రక్తం కారలేదు, మెట్లెక్కితే ఆయాసమూ లేదు. మిషన్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నాను.

మిషన్ బాగానే ఉంది. బీపీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ తెలియదు. తలనొప్పి, కళ్ళు తిరగడం బాగా పెరిగినప్పుడు కొందరికి రావచ్చు, కానీ అవి నిద్రలేమికీ, ఎండకీ కూడా వస్తాయి. కోపిష్టివాళ్ళకే బీపీ అనుకోవడం ఇంకో పొరపాటు. టెన్షన్‌తో కాసేపు పెరిగే మాట నిజమే గానీ, నోట్లో నాలుక లేనివాళ్ళకీ ఈ జబ్బు ఉంటుంది. కాబట్టి గుర్తుపట్టాలంటే కొలవాల్సిందే. 30 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే చూస్తారు.

ఇంట్లో చూసుకునేట్టయితే మణికట్టుకి కట్టేది కాకుండా, దండకి, అంటే మోచేతి పైభాగానికి, పట్టీ చుట్టే మిషన్ కొనండి. పట్టీ దండకి సరిపోవాలి, చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. కాఫీ, టీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగండి. ఒంటికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వద్దు. చొక్కా చెయ్యి మీద కట్టకూడదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. మా ఆవిడ పక్కనే నిలబడి "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అనేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. మాట్లాడితే కూడా అంకె పెరుగుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ కాసేపు ఆవిణ్ణి వంటింట్లోనే ఉండమంటున్నాను.

పొద్దున మాత్రకీ టిఫినుకీ ముందు, సాయంత్రం భోజనానికి ముందు, నిమిషం తేడాతో రెండేసిసార్లు, వారం రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. పద్దులు రాసేవాణ్ణి కదా, నాకిది సరదా పని. ఇంట్లో సగటు పైది 135 గానీ, కిందిది 85 గానీ చేరితే ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆసుపత్రిలో చూసినప్పుడు ఆ హద్దు 140/90.

180/120 దాటితే అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. దిగకపోతే, బాధేమీ లేకపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోవాలి. గుండెల్లో నొప్పి, ఊపిరాడకపోవడం, చూపు మసకబారడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక వైపు కాలూ చెయ్యీ పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా అంకె కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. బీపీ దింపుతుందని ఎవరో చెబితే నాలుక కింద మాత్ర పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయినా ప్రమాదమే.

బీపీ అనగానే యార్డులో అందరూ నన్ను కారం మానేయమన్నారు. కారం కాదు, దాంతోపాటు ఆవకాయలో, గోంగూర పచ్చట్లో పడే ఉప్పు అసలు దొంగ. రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదట. మా ఇంట్లో ఆ లెక్క అన్నంలోకి మొదటి ముద్దకే అయిపోయేది.

పన్ను మాత్రం నెలన్నర తర్వాత పీకించుకున్నాను. ఆ రోజు కుర్చీలో చూస్తే 134/84. ఆ నెలన్నరా ఎడమ దవడతోనే నమిలాను.