ఊరి నీటి కమిటీ: అర్జీ ఎవరికివ్వాలి, తీర్మానం ఎలా రాయించాలి

ట్యాంకు ఉంటుంది, పైపులైను ఉంటుంది, మెరక వీధికి మాత్రం నీళ్లెక్కవు. వాటర్‌మ్యాన్‌కో సర్పంచ్ గారికో నోటిమాటగా చెబితే రెండు రోజులు వస్తాయి, తర్వాత మళ్లీ మొదటికే. ఇవి చూసుకోవడానికే గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ అని ఒకటుంది. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన ఇంటింటికీ కుళాయి పథకం జల్‌జీవన్ మిషన్. దాని మార్గదర్శకాలు ఊరి లోపలి నీటి పనుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీ తరఫున ఈ కమిటీయే చూడాలంటున్నాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో దాన్ని కదిలించే దారి ఇది.

ముందు మీ ఊళ్లో కమిటీ ఉందో లేదో కనుక్కోండి. పంచాయతీ కార్యదర్శిని అడిగి మినిట్స్ పుస్తకంలో సభ్యుల పేర్లు చూడండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద అడగొచ్చు. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి. సగం మంది మహిళలు. పావు వంతు దాకా పంచాయతీ సభ్యులు, మరో పావు వంతు బలహీన వర్గాల వారు. మహిళల పేర్లు రాసేసి సమావేశాలకు వాళ్ల భర్తలు వచ్చే ఊళ్లకు కొదవ లేదు. డ్వాక్రా సంఘంలో గట్టిగా మాట్లాడేవాళ్లను ముందే ఒప్పించి పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

కమిటీ లేకపోయినా, ఉండీ కూర్చోకపోయినా అర్జీ పంచాయతీ కార్యదర్శికే. ‘మా వీధికి నీళ్లు రావడం లేదు, దయచేసి చర్య తీసుకోగలరు’ అని రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. ఇలా రాయండి:

‘రామాలయం వీధిలో బడి దాటాక ఉన్న ఇళ్లకు ఉదయం వదిలే నీళ్లు అందడం లేదు. బడి దగ్గరి గేట్ వాల్వ్ పూర్తిగా తిరగడం లేదు, దాని పక్కనే లీకేజీ ఉంది. నీటి కమిటీని సమావేశపరిచి, వాల్వ్ మార్చే విషయాన్ని, వీధుల వారీగా నీళ్లు వదిలే వేళలను వచ్చే గ్రామసభ అజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాము.’

కింద ఇంటి నంబర్లు, సంతకాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గరుంచుకోండి. ఇది మర్చిపోతే తర్వాత అడగడానికి ఆధారమేమీ ఉండదు.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభ పెట్టడం ఆనవాయితీ. అర్జీ దానికి ముందే అందాలి. సభలో అందరూ ‘సరే’ అన్నంత మాత్రాన చాలదు. తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి, దానికో నంబరు పడాలి. ఆ ప్రతి గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) వెళ్తుంది. కొత్త లైను, బోరు లాంటి పెద్ద పనులైతే గ్రామ కార్యాచరణ ప్రణాళికలో చేర్పించాలి. వాటిని జిల్లాలో చూసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే నీటి, పారిశుధ్య మిషన్.

డబ్బు సంగతి. జల్‌జీవన్ మిషన్ లెక్క ప్రకారం ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం ఊరివాళ్ల వాటా. ఎస్సీ, ఎస్టీ జనాభా సగానికి మించిన ఊళ్లలో, కొండ, అటవీ ప్రాంతాల్లో 5 శాతం. నగదే ఇవ్వక్కర్లేదు, పైపుల కోసం కాలువ తవ్వినా వాటా కిందకే వస్తుంది. నగదు కడితే మాత్రం రసీదు లేకుండా ఇవ్వకండి.

మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది లక్ష్యం. నీళ్లు బాగున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పించాలని మార్గదర్శకాల్లో ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో అర్జీలోనే అడగండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రకాశం లాంటి జిల్లాల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఎక్కడా పని జరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లండి, ముద్ర వేయించుకున్న ప్రతి, తీర్మానం నంబరు వెంట తీసుకుని. అంతకంటే ముందు ఇంకొకటి చూసుకోండి: సంతకాలు పెట్టినవాళ్లలో కుళాయికే మోటారు బిగించి నీళ్లు లాగేసేవాళ్లుంటే ఏఈ వచ్చే లోపే తీయించండి. వాల్వ్ మార్చినా అలాంటి మోటార్లుంటే చివరి ఇళ్లకు చుక్క అందదు.