ఎముకల సెలైన్ ఎక్కించే ముందు కిడ్నీ లెక్క చూడండి

ఎముకలు గుల్లబారిన వాళ్లకు ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మంచి మందు. తుంటి విరగడం, వెన్నుపూస కుంగడం రెండింటినీ తగ్గిస్తుంది. అయితే ఎముకకు పట్టగా మిగిలిన మందంతా కిడ్నీల గుండానే బయటికి పోవాలి. అందుకే శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ ఉద్దానం కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు ఎముక స్కాన్ ఒక్కటే చూసి ఈ సెలైన్ పెట్టకూడదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, కొత్తగా చేయించాలి.

రిపోర్టులో అంకె నార్మల్ గీతలోనే ఉందని ఊరుకోవద్దు, లెక్క కట్టండి. 140 లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో గుణించండి. 72ని క్రియాటినిన్‌తో గుణించి, ఆ వచ్చినదానితో మొదటిదాన్ని భాగించండి. ఆడవాళ్లయితే 0.85తో మళ్లీ గుణించాలి. 70 ఏళ్లు, 45 కిలోలు, క్రియాటినిన్ 1.1 ఉన్న మామ్మగారికి 3150ని 79.2తో భాగిస్తే 39.8, దాన్ని 0.85తో గుణిస్తే 33.8. ఈ అంకె 35 లోపుంటే ఈ మందు ఎక్కించకూడదు. 1.1 చూసి ఎవరికీ అనుమానం రాదు, పొరపాటు జరిగేది ఇక్కడే. ఉద్దానం కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి, మూత్ర పరీక్ష బాగుందన్న ధీమా కూడా పనికిరాదు. 35 లోపున్న వాళ్లు ముందు కిడ్నీ డాక్టరును కలవాలి. ఎముక బలహీనత కిడ్నీ వల్లే వచ్చి ఉండొచ్చు, దాని వైద్యం వేరు.

తర్వాత రక్తంలో కాల్షియం, విటమిన్ డి. ఈ మందు ఎముక కరగడాన్ని ఆపుతుంది కాబట్టి ఎముక నుంచి రక్తానికి వచ్చే కాల్షియం తగ్గిపోతుంది. డి తక్కువుంటే ఆ లోటు తీరే దారి లేక మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, కండరాలు కొంకర్లు పోవడం మొదలవుతాయి. డి 20 లోపుంటే డాక్టరు సాధారణంగా 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున 8 వారాలు రాస్తారు. అది పూర్తయ్యాకే సెలైన్. చోడి (రాగి) అంబలి తాగడం మంచిదే, కానీ డి లోటు దానితో తీరదు.

పీకించాల్సిన పళ్లుంటే ముందే పీకించి, పుండు మానాక రండి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు కనీసం 2 వారాలు ఆగాలి.

ఆ రోజు పరగడుపున రానక్కర్లేదు. దూరం నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లు దారిలో ఇబ్బందని నీళ్లు తాగరు. ఈ మందుకు అదే ప్రమాదం. నీళ్లు తక్కువ తాగాలని డాక్టరు చెప్పిన వాళ్లు తప్ప, మిగతావాళ్లు ముందే రెండు గ్లాసులు తాగాలి. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

బాటిల్ మీద 5 మిల్లీగ్రాములు, 100 మి.లీ. అని ఉందో లేదో చూడండి. 4 మిల్లీగ్రాములది క్యాన్సర్ రోగుల ఎముకలకు వాడేది. 15 నిమిషాల కన్నా త్వరగా ఎక్కించకూడదు, తొందరపడితే దెబ్బ తగిలేది కిడ్నీకే. అరగంట పెట్టుకుంటే ఇంకా నిశ్చింత: 20 చుక్కలకు 1 మి.లీ. పడే సెట్టులో నిమిషానికి 67 చుక్కలు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కిన గొట్టంలోనే దీన్ని ఎక్కించకండి, అందులో కాల్షియం ఉంటుంది. అయ్యాక 10 మి.లీ. నార్మల్ సెలైన్‌తో గొట్టం కడగాలి.

మొదటిసారి ఎక్కించుకున్నవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. రెండో ఏడాదికి బాగా తగ్గుతాయి. పారాసిటమాల్ 650 చాలు. ఊళ్లో నొప్పుల ఇంజెక్షన్ మాత్రం వేయించుకోవద్దు, డైక్లోఫెనాక్ లాంటివి ఆ సమయంలో కిడ్నీకి చేటు. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, తిమ్మిర్లు వచ్చినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రతి ఏడాదీ ఎక్కించే ముందు క్రియాటినిన్ లెక్క మళ్లీ కట్టాలి. చాలామందికి 3 డోసులయ్యాక ఆపొచ్చా అని డాక్టరుతో మాట్లాడాలి. ఈలోగా దెబ్బ తగలకుండానే తొడలోనో గజ్జలోనో నొప్పి పట్టి వదలకపోతే అది వాతం నొప్పని మర్దనా చేయకండి. అరుదుగా ఈ మందు వల్లే తొడ ఎముక బీటలు వారుతుంది. ఎక్స్‌రే రెండు తొడలకూ తీయించాలి.