రోహిణి కార్తె రాకముందే: ఇంటి అక్వేరియంలో కోరీ పిల్లలకు వేసవి జాగ్రత్తలు

కోరీలంటే తొట్టి అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో వాటి చేత గుడ్లు పెట్టించడం పెద్ద కష్టం కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తొట్టి నీళ్లు చల్లబడతాయి. వారం రోజులు మంచి మేత వేసి, కాస్త చల్లటి నీళ్లు మారిస్తే చాలు, ఆడవి అద్దానికి గుడ్లు అంటించేస్తాయి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో పుట్టిన పిల్ల ఏప్రిల్ నడిమికి దాదాపు రెండు సెంటీమీటర్లు అవుతుంది, చాలావరకు ఎండాకాలాన్ని తట్టుకుంటుంది. ఏప్రిల్లో పుట్టింది మే నెల వడగాడ్పుల్లో ఇంకా సెంటీమీటరు పైన ఎక్కడో ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలో పిల్లలు పోతే అందరూ వేడినే తిడతారు. కానీ 31, 32 డిగ్రీల దగ్గర వాటిని ముందుగా చంపేది వేడి కాదు. ఆ వేడికి అడుగున కుళ్లిన మేత, చాలీచాలని గాలి. ఈ రెంటినీ అదుపులో పెట్టుకోవడానికి చేయాల్సిన పనులే కింద ఉన్నాయి. ఇక్కడ దొరికే బ్రాంజ్ కోరీ, పెప్పర్డ్ కోరీ, ఆల్బినో కోరీ అన్నిటికీ ఇవి వర్తిస్తాయి.

లెక్క ఇలా ఉంటుంది. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 32 డిగ్రీలకు అది 7.3కి దిగుతుంది. తగ్గింది కొంచెమే, కానీ అదే వేడికి చేపల ఊపిరి, అడుగున బ్యాక్టీరియా పని రెండూ పెరుగుతాయి. పైగా పీహెచ్ 8 ఉన్న నీళ్లలో, కుళ్లిన మేత, చేపల విసర్జన నుంచి పుట్టే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం 25 డిగ్రీల దగ్గర 5 శాతం ఉంటే, 32 డిగ్రీలకు అది 8 శాతం దాటుతుంది. అంటే జనవరిలో ఏమీ చేయని మురికే మే నెలలో పిల్లల్ని చంపుతుంది.

ఏ గుడ్లు పొదిగించాలి, ఏవి వదిలేయాలి

పెప్పర్డ్ కోరీ చల్లటి నీళ్ల చేప. శివరాత్రి దాటాక దాని చేత గుడ్లు పెట్టించే ప్రయత్నం మానేయండి. బ్రాంజ్ కోరీకి ఇంకొంచెం వేడి పర్వాలేదు. తొట్టి నీళ్లు పగలు 28 డిగ్రీలు దాటడం మొదలైతే మాత్రం దానికీ ఆపేయాలి. అంత వేడిలో గుడ్లు తొందరగా చిట్లుతాయి. వాటిలోంచి వచ్చే పిల్లల్లో బలహీనమైనవి, వంకర తిరిగినవి ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడేది మే నెల గాలివాన దగ్గర. సాయంత్రం గాలిదుమారం లేచి వాన పడిందంటే గాలి ఒత్తిడి పడిపోతుంది, నీళ్లు చల్లబడతాయి. వర్షాకాలం వచ్చిందనుకుని కోరీలు మర్నాడు పొద్దున్నే గుడ్లు పెట్టేస్తాయి. రెండు రోజులకే ఎండ మళ్లీ విరుచుకుపడుతుంది. రాత్రింబగళ్లు ఏసీ నడిచే గది లేకపోతే ఆ గుడ్లు తీయకండి. పెద్దవే తినేస్తాయి, తిననివ్వండి. సగం చచ్చిన వంద పిల్లల్ని కాపాడటానికి తిప్పలు పడటం కంటే, నవంబరులో మళ్లీ మొదలుపెట్టడం వాటికీ మీకూ మంచిది.

నీళ్లు

ఎండాకాలంలో పిల్లల తొట్టికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం మేడమీద ట్యాంకు. మధ్యాహ్నం దాంట్లో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ కుళాయి తిప్పి తొట్టిలో పోశారంటే అంతే. రేపటికి కావలసిన నీళ్లు ఈ రాత్రే పట్టి, మూత వదులుగా పెట్టిన బకెట్లో, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని సన్నటి బుడగలుగా వదిలే రాయి) వేసి, తొట్టి ఉన్న గదిలోనే ఉంచండి. పొద్దున ఆరింటికల్లా రెండు నీళ్ల వేడీ ఒకటవుతుంది, క్లోరిన్ కూడా చాలావరకు ఎగిరిపోతుంది. క్లోరిన్ సంగతిలో అనుమానం ఉంటే హైపో వాడండి: 10 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకుని, బకెట్లో ప్రతి లీటరుకు ఒక మిల్లీలీటరు కలపండి. వానలు పడి నదికి బురదనీరు వచ్చిన రోజుల్లో నీటి సరఫరాలో క్లోరిన్ పెంచే అవకాశం ఉంది కాబట్టి, అప్పుడు హైపో తప్పనిసరి.

బోరు నీళ్లయితే ముందు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచేది) పెట్టి చూడండి. 500 దాటితే ఆర్ఓ నీళ్లు సగం కలపాలి. అట్లాగని మొత్తం ఆర్ఓ పోయకూడదు, ఎదిగే పిల్లకు ఖనిజాలు కావాలి. ఆవిరై తగ్గిన నీటి లోటును మాత్రం ఆర్ఓతోనే పూడ్చాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే ఉండిపోతాయి. రోజూ బోరు నీళ్లతో నింపుతుంటే నెల తిరిగేసరికి తొట్టి నీళ్లలో ఉప్పులు బాగా పెరిగిపోతాయి.

నీటి డ్రమ్ముల్లో దోమల లార్వాలు చావాలని మున్సిపల్ సిబ్బంది మందు వేసి వెళుతుంటారు. ఆ డ్రమ్ము నీళ్లు తొట్టి దగ్గరకు రానివ్వకండి.

గుడ్లు

గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు పెంకు గట్టిపడుతుంది. అప్పుడు వేలితో మెల్లగా దొర్లిస్తే చితకకుండా ఊడి వస్తుంది. 3 నుంచి 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో తల్లిచేపల తొట్టి నీళ్లే పోసి, ఆ డబ్బాను అదే తొట్టిలో తేలేలా కట్టండి. విడిగా బల్ల మీద పెడితే కొద్దిపాటి నీళ్లు గది వేడితో పాటే పైకీ కిందికీ ఊగుతాయి. పెద్ద తొట్టిలో తేలితే ఆ బాధ ఉండదు. గుడ్లు ఒకదానికొకటి అంటుకోకుండా పరచండి. ఎయిర్ స్టోన్ గాలికి గుడ్లు సన్నగా కదలాలి, గిరగిరా తిరగకూడదు.

బూజుకు మిథిలీన్ బ్లూ. గ్రాము పొడిని లీటరు నీళ్లలో కరిగించుకుంటే, ఆ ద్రావణం డబ్బా నీళ్లలో లీటరుకు ఒక మిల్లీలీటరు చాలు. లేత నీలం రంగు కనపడితే సరి. దాన్ని స్పాంజ్ ఫిల్టర్ ఉన్న తొట్టిలో పోయకూడదు, ఫిల్టర్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మందు దొరక్కపోతే బాదం ఆకు ఉంది. చెట్టు నుంచి తనంతట తాను రాలి, గోధుమరంగుకు ఎండిన ఆకును కడిగి, వేడినీళ్లు పోసి వార్చి, ఐదు లీటర్లకు పావు ఆకు వేయండి. బూజును కొంతవరకు అడ్డుకుంటుంది. పురుగుమందు కొట్టిన తోటల్లో ఆకు, రోడ్డు పక్క మసి పట్టిన ఆకు వద్దు.

రోజుకు రెండుసార్లు డబ్బా చూడాలి. జీవం ఉన్న గుడ్డు తేనెరంగుకు తిరుగుతుంది, తర్వాత లోపల నల్లటి కళ్లు కనపడతాయి. సున్నంలా తెల్లబడింది పనికిరాదు, డ్రాపర్‌తో వెంటనే తీసేయండి. దాని మీద పెరిగిన బూజు దారాలు పక్క గుడ్డుకు పాకుతాయి, ఒక్క రాత్రిలో గుంపు గుంపే పోతుంది. 24 నుంచి 26 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలు వస్తాయి. వచ్చిన వెంటనే సగం సగం చొప్పున రెండుసార్లు నీళ్లు మార్చి ఆ నీలం పోగొట్టండి.

మొదటి పదిహేను రోజులు

పొట్ట కింద సంచి కరిగేదాకా, అంటే రెండు మూడు రోజుల పాటు, మేత వేయకూడదు. తినని మేత కుళ్లడం తప్ప ప్రయోజనం లేదు. ఆ తర్వాత ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలకు సాటి వచ్చే మేత లేదు. లీటరు నీళ్లకు 25 గ్రాముల రాళ్ల ఉప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, గట్టిగా గాలి, పైన లైటు. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, లైటు ఉన్న వైపు నారింజరంగు గుంపు చేరుతుంది. ఆ గుంపునే సన్నగొట్టంతో లాగి, పల్చటి నూలుగుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు పిల్లల పేగులో అడ్డం పడతాయి, ఉప్పునీళ్లు కోరీలకు పడవు. కడగడం అందుకే. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాటి లోపు వాడేయండి. వేసవిలో బయట ఉంచితే వాటి ఒంట్లో సారం గంటల్లోనే కరిగిపోతుంది.

రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం వేయండి. వేసిన అరగంటకు భూతద్దంతో పిల్ల పొట్ట చూడండి: నారింజరంగు కనపడితే తిన్నట్టు. నీళ్లు 30 దాటిన రోజు ఒక పూట మేత తగ్గించండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేయమని చాలామంది చెబుతారు. వేసవిలో మాత్రం దాని జోలికి వెళ్లకండి, గంటలో నీళ్లు పాలలా మారతాయి. మురుగుకాల్వల నుంచి వచ్చే ట్యూబిఫెక్స్ పురుగులు కూడా వద్దు, వాటితో రోగాలు వస్తాయి.

తొట్టి అడుగు ఖాళీగా ఉంచుకోవడమే శుభ్రానికి సులువు. కానీ ఖాళీ అద్దం మీద రోజూ పేరుకునే జిగురు పొర పిల్లల మీసాల్ని తినేస్తుంది, పొట్ట ఒరిసిపోతుంది. అందుకని రోజూ స్పాంజితో అడుగు తుడిచి, ఎయిర్ పంపు సన్నగొట్టంతో మురికి లాగాలి. లాగిన నీళ్లు తెల్ల బకెట్లోకి పట్టి, ఐదు నిమిషాలు ఆగి చూసి గానీ పారబోయకండి. పిల్లలు అందులోకి వెళ్లిపోతాయి. రోజూ 20 నుంచి 30 శాతం నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లు గొట్టంలోంచి సన్నటి ధారగా, పావుగంటకు పైగా పట్టేలా రావాలి.

20 లీటర్ల తొట్టిలో 50 పిల్లలను రెండు మూడు వారాలకు మించి ఉంచకూడదు. తర్వాత 60 లీటర్లకు మార్చండి. ఫిల్టర్ స్పాంజిదే కావాలి, మోటారు ఫిల్టర్ పిల్లల్ని లోపలికి లాగేస్తుంది. ఆ స్పాంజి పెద్ద తొట్టిలో కనీసం నెల నడిచినదై ఉండాలి. గుడ్లు పెట్టించే ముందే వేసి ఉంచుకోండి.

కరెంటు, గాలి, వేడి

ఎయిర్ పంపు తీసుకునేది ఐదు వాట్ల లోపే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని లైనులోకి మార్పించండి, రాత్రంతా నడుస్తుంది. లేదంటే కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ పంపు కొనండి. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపును తడిపేస్తాయి, నేల మీదకు తొట్టి కూడా ఖాళీ కావచ్చు.

పంపు పీల్చేది గదిలోని గాలే. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల మందు, బొద్దింకల స్ప్రే, అన్నీ ఆ గొట్టం గుండా నీళ్లలోకి వెళతాయి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు చాలా తక్కువ మోతాదులోనే విషం. తొట్టి ఉన్న గదిలో అవేవీ వాడకండి, పడుకునే చోట దోమతెర కట్టుకోండి. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు కిటికీలు మూసి, పంపును కాసేపు ఆపి, పొగ పోయాక మళ్లీ వేయండి.

కోరీలు అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళతాయి, పిల్లలు కూడా. అది వాటి సహజం. పదే పదే వచ్చి అక్కడే తచ్చాడుతున్నాయంటే నీళ్లలో ఆక్సిజన్ చాలడం లేదని అర్థం. వెంటనే మూడో వంతు నీళ్లు మార్చి, గాలి పెంచండి. నీటి పైన నూనె పొర కడితే తీసేయండి.

చల్లబరచడానికి చౌకైన దారి టేబుల్ ఫ్యాను. నీటి మీదుగా గాలి ఆడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మూత బదులు వల కప్పండి. ఐసు ముక్కలు సరాసరి వేయకండి. గడ్డకట్టిన అర లీటరు వాటర్ బాటిల్‌ను తొట్టిలో తేల్చి, గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా తగ్గకుండా చూసుకోండి. పగలు చల్లబరిచి రాత్రి వదిలేస్తే రోజూ ఊగిసలాట అవుతుంది. ఎప్పుడూ 30 దగ్గర ఉండటం కంటే అదే ఎక్కువ ప్రమాదం. పై అంతస్తులో స్లాబు కింద తొట్టి పెట్టినవాళ్లు మార్చిలోనే దాన్ని కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గోడ పక్కకు మార్చుకోవాలి. మూడు పక్కల థర్మాకోల్ షీటు అంటిస్తే మధ్యాహ్నం వేడి నెమ్మదిగా ఎక్కుతుంది.

పిల్లల్ని ఇచ్చేటప్పుడు

కోరీ రెక్కల ముందు ముళ్లు వలలో చిక్కుకుంటాయి. పిల్లల్ని గ్లాసుతోనే పట్టండి. రెండు సెంటీమీటర్లు దాటాక, పొద్దున ఎనిమిదిలోపు, ముందు రోజు మేత ఆపి, పాలిథిన్ కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉండేలా కట్టి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోయినా ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో వదలకండి. కోరీ దక్షిణ అమెరికా చేప. అక్కడి నుంచే వచ్చిన సక్కర్ చేప తొట్ల నుంచి బయటపడి కృష్ణా డెల్టా చెరువుల్లో ఎలా పెరిగిందో, వలలు చింపి రైతుల్ని ఎంత ఇబ్బంది పెడుతోందో ఇక్కడివాళ్లకు తెలుసు. పిల్లలు ఎక్కువైతే మగ, ఆడ చేపలను విడివిడిగా ఉంచి ఆ ఏడాదికి గుడ్లు ఆపేయండి.