పెద్దల నివాసంలో పొద్దుటి పేపరు సభ నడపడం ఎలా

వృద్ధుల నివాసాల్లో వార్తలు, ఆరోగ్యం, నవ్వులు కలిపి ఓ సభ మొదలుపెట్టడం తేలికే. నెల తిరిగేసరికి ముందు వరుసలో ఐదుగురే మిగలడం కూడా మామూలే. మిగతావాళ్లకు ఆసక్తి పోయిందనుకుంటారు నిర్వాహకులు. చాలాసార్లు అసలు సంగతి వాళ్లకు వినపడకపోవడం. ఆ మాట ఎవరూ పైకి అనరు, మోకాళ్ల నొప్పి అని చెప్పి మానేస్తారు. అందుకే ఏం చదవాలన్నదాని కంటే ముందు ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవాలి.

కుర్చీలు అర్ధచంద్రాకారంగా, రెండు వరుసలకు మించకుండా వేయండి. చదివే మనిషి కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు. ముఖం నీడలో పడితే పెదవుల కదలిక కనపడదు, చెవి సరిగా పనిచేయనివాళ్లు సగం అర్థం చేసుకునేది ఆ కదలిక చూసే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేవి సన్నటి ధ్వనులు, అంటే స, శ, త, క లాంటి హల్లులు తేలిపోతాయి. గట్టిగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, మాట మాత్రం తెలియదు. కాబట్టి గొంతు పెంచకుండా వేగం తగ్గించండి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగండి. మైకు పెదవులకు అడ్డం రాకుండా గడ్డానికి బెత్తెడు కింద పట్టుకోవాలి. పేపరు రెపరెపలు వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు పెద్ద రొదగా వినిపిస్తాయి. చదవబోయే వార్తలు ముందే కత్తిరించి అట్టలకు అతికిస్తే ఆ బాధ తప్పుతుంది. హాల్లో టీవీ ఉంటే పూర్తిగా కట్టేయండి.

వేళ పదిన్నర బాగుంటుంది. ఒంట్లో నీరు పోయే మాత్ర పొద్దున్నే వేసుకునేవాళ్లకు మొదటి రెండు గంటలు బాత్రూంతోనే సరిపోతుంది, ఆ సమయంలో సభ పెడితే వాళ్లు రారు. మొత్తం 45 నిమిషాలు దాటనివ్వకండి. తలుపు పక్కన నాలుగు కుర్చీలు ఖాళీగా ఉంచితే మధ్యలో లేచేవాళ్లకు మొహమాటం ఉండదు.

వార్తలకు 20 నిమిషాలు. నిదానంగా చదివితే అందులో ఆరు వార్తలకు మించి పట్టవు. ముందు పనికొచ్చేవి: కరెంటు కోత, బ్యాంకు సెలవులు, పెన్షను. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. సెప్టెంబరు చివర్లోనే చదివి, నవంబరులో మళ్లీ చదవండి. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. అది ఉందని తెలియనివాళ్లు సభలో ఒకరిద్దరైనా దొరుకుతారు. సైబర్ మోసాల వార్త వారానికొకటి తప్పనిసరి. పోలీసులమంటూ వీడియో కాల్లో బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్టు" అనేది మన చట్టంలో లేదని, డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ప్రతిసారీ చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది, ఆపడం కష్టం.

రాజకీయాలు వద్దంటే సభ చప్పబడుతుంది. ఒకే పత్రిక చదివితే పక్షపాతం అంటారు కనుక, అదే వార్తకు రెండు పత్రికలు పెట్టిన శీర్షికలు పక్కపక్కన చదవండి. చర్చ దానంతటదే పుడుతుంది. పార్టీ పేరు వినగానే కంగారుపడక్కర్లేదు. "మీవాళ్లు" అన్న మాట వినపడితే మాత్రం వెంటనే తర్వాతి వార్తకు వెళ్లిపోవాలి, అక్కడి నుంచి కులం దాకా దూరం ఎంతో లేదు.

ఆరోగ్యానికి పది నిమిషాలు, రోజుకు ఒకే అంశం. ఇక్కడ పాడుచేసేది ఫోన్లలో తిరిగే సలహాలు. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి", "పక్షవాతం వస్తే వేళ్ల కొసలు సూదితో గుచ్చండి" అనేవి ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతున్నాయి. రెండూ పనిచేయవు సరికదా, విలువైన సమయం తినేస్తాయి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయడమే పని. రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, స్కానింగుకు పట్టే సమయమూ అందులోనే. కాబట్టి లక్షణం ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకోవాలి. ఎవరైనా సలహా తెస్తే ఆ రోజు చదవకండి. వచ్చే డాక్టరుకో నర్సుకో చూపించి మర్నాడు చదవండి. ఇంకొక నియమం: నివాసంలో ఉండేవాళ్ల రిపోర్టులు, ఆసుపత్రి కబుర్లు ఇక్కడ ఎత్తకూడదు.

బీపీ చూసే కార్యక్రమం ఈ సభతో కలపకండి. మాట్లాడుతూ, నవ్వుతూ ఉంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగి అరగంట గడిచాక, వేరే గదిలో ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టించి చూడాలి.

మిగిలిన పావుగంటా హాస్యం. నాలుగు వాక్యాలు దాటిన జోకు ఎంచుకోకండి, నవ్వించే మాట చిట్టచివర రావాలి.

డాక్టరు: ఉప్పు మానేశారా?
పెద్దాయన: పూర్తిగా మానేశానండీ. ఇప్పుడు మజ్జిగన్నంలోకి ఉప్పు బదులు ఆవకాయే!

ఆ చివరి వాక్యాన్ని బోర్డు మీద అరచేయంత అక్షరాలతో రాసి, నవ్వు మొదలయ్యాక చూపించండి. వినపడకపోయినా అందరితోపాటు నవ్వేసి ఊరుకునేవాళ్లు చాలామంది, వాళ్లకు అప్పుడు అసలు నవ్వు వస్తుంది. వెనకే రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదని చెబితే ఆ మాట గుర్తుంటుంది.

ప్రతిదానికీ అడ్డుపడే పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. ఆపబోతే అలుగుతారు. అవధానంలో సంబంధం లేని ప్రశ్నలతో మధ్యమధ్య అడ్డుపడే అప్రస్తుత ప్రసంగం ఉంటుంది కదా, ఆ బాధ్యత ఆయనకే అప్పగించండి. మొత్తం సభలో మూడుసార్లు అడ్డుపడే హక్కు, అదీ నవ్వించేలా ఉండాలి. లెక్క పెట్టడానికి పక్కన ఒకర్ని కూర్చోబెట్టండి. పెళ్లాల మీద జోకులు మాత్రం వద్దు, ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేస్తారు.

హాస్యం జరుగుతుండగా జంతికలు, పల్లీలు పంచొద్దు. నోట్లో తిండి ఉండగా నవ్వితే గొంతుకు అడ్డం పడుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

సభ ముగియగానే అందర్నీ ఒక్కసారి లేవనివ్వకండి. ముప్పావుగంట కూర్చున్నాక గభాలున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, కుర్చీ చేతులు పట్టుకుని నిలబడి, క్షణం ఆగి అడుగు వేయమనండి. చేతికర్రలు ఎవరివి వాళ్లకు ముందే అందించేయాలి.