కళను చూసి రాయడం – 5వ పాఠం: సామగ్రి వెంట నడవండి

గత పాఠంలో, సీసా మూతలతో చేసిన కృతులకు పేరుపడ్డ శిల్పి ఎల్ అనత్సుయి గురించి ఒక పేరా రాయమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం 'వ్యర్థాలకు కొత్త అర్థం' దగ్గరే ఆగిపోయాయి. అందుకే రంగుల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

1944లో ఘానాలోని అన్యాకోలో పుట్టుక, కుమాసిలో చదువు, 1975 నుంచి 2011 వరకు నైజీరియాలోని న్సుక్కాలో బోధన. ఇవన్నీ ఒక్క వాక్యంలో ముగించండి. నేను కృతి పేరుకన్నా ముందు దేనితో చేశారో చదువుతాను. అనత్సుయి విషయంలో ఆ వరుసే జీవితకథ. మొదట ఘానా సంతల్లో సరుకు పేర్చే చెక్క పళ్లేలు, వాటిపై కాల్చిన ఇనుముతో వేసిన గుర్తులు. తర్వాత పగిలిన కుండల రూపాలు. 1980 నుంచి మోటారు రంపంతో కోసిన చెక్క పలకలు. 1990ల చివర న్సుక్కా దగ్గర దొరికిన ఒక సంచి, దాని నిండా మద్యం సీసాల మూతలు.

తప్పటడుగు పడుతున్నది ఇక్కడే. 'చెత్త' అనగానే ఆ మూత గతం చెరిగిపోతుంది. ఎవరో తాగిన సీసాది అది, దాని మీద సారాయి పేరు ఇంకా కనిపిస్తుంది. ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికా తీరంలో మద్యాన్ని సరుకులకే కాదు, బానిసలుగా కొన్న మనుషులకూ మారకంగా ఇచ్చారు. అనత్సుయి ఆ చరిత్ర తెలిసే మూతను ఎంచుకున్నారు. సహాయకులు వాటిని అణిచి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి, గుడ్డలా వేలాడే పెద్ద తెరలుగా చేస్తారు. 'రీసైక్లింగ్' అన్న మాటలో ఆ వర్తకమూ లేదు, ఆ చేతులూ లేవు. ప్లాస్టిక్ సీసాలతో చేసిన ఏ కూడలి బొమ్మకైనా సరిపోయే వాక్యాన్ని కొట్టేయండి.

ఈ తెరలను 'వస్త్రం' అన్నవారిది చిన్న చిక్కు. పోలిక సరైనదే, కానీ అక్కడితో ఆగకూడదు. ఈ కృతులకు స్థిరమైన ఆకారం లేదు. మడతలు ఎలా వేయాలో ప్రదర్శించేవారికే వదిలేస్తారు. 2007లో వెనిస్‌లోని పలాజో ఫోర్చునీ మ్యూజియం భవనం ముఖభాగం మీద, 2023లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం టర్బైన్ హాలులో వేలాడిన వాటి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. 2015లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శన ఇచ్చిన జీవితకాల స్వర్ణసింహ పురస్కారాన్ని ఇదంతా రాశాకే ప్రస్తావించండి.

అభ్యాసం: మూతలతో చేసిన ఒక కృతిపై 150 పదాలు. 'చెత్త', 'వ్యర్థం', 'అద్భుతం' వాడకూడదు. మొదటి వాక్యంలోనే సామగ్రి పేరు, దానికి చేతులు చేసిన పని ఉండాలి. తర్వాత చెక్క పళ్లేలపై మరో 150 పదాలు, మూతల ఊసెత్తకుండా.